పాత స్పోర్ట్స్ కారు, కొత్త స్పోర్ట్స్ కారు: పోల్చాల్సింది వేగాన్ని కాదు

పాత స్పోర్ట్స్ కార్ల గురించి మాట వచ్చినప్పుడల్లా రెండు పక్షాలు తయారవుతాయి. "ఆ రోజుల కార్లే కార్లు, ఇప్పటివి చక్రాలున్న కంప్యూటర్లు" అనేది ఒక పక్షం. "పాత కారు పొగ, చప్పుడు, ప్రాణభయం తప్ప మరేమీ కాదు" అనేది రెండో పక్షం. ఈ వాదనలో ఎక్కువ భాగం అభిమానం మీద నడుస్తుంది. కొలవదగిన విషయాన్ని కొలిచి చూస్తే ఇద్దరి మాటల్లోనూ సగం నిజమే కనిపిస్తుంది. మిగతా సగంలోనే అసలు ప్రశ్న ఉంది. గత అరవై ఏళ్లలో స్పోర్ట్స్ కారు సాధించిన ప్రగతి ఎవరికి ఉపయోగపడింది? ఆ దారిలో అక్కర్లేకుండా పోగొట్టుకున్నది ఏమైనా ఉందా?

పోలిక న్యాయంగా ఉండాలంటే రెండు కార్లూ ఒకే జాతివి కావాలి. ప్రయోగశాలలో ఒక అంశాన్ని పరీక్షించేటప్పుడు మిగతా వాటిని స్థిరంగా ఉంచుతారు. కార్ల ప్రపంచంలో దానికి దగ్గరగా వచ్చే ఉదాహరణ జర్మనీలో తయారయ్యే పోర్షే 911. ఈ కారును 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో 901 అనే పేరుతో చూపించారు. మధ్యలో సున్నా ఉండే మూడంకెల పేర్లు ఫ్రాన్స్‌లో తమవని పెజో సంస్థ అభ్యంతరం చెప్పడంతో 1964లో ఆ పేరు 911 అయింది. అప్పటి నుంచి నేటి వరకు ఆ పేరు మారలేదు. ఆరు సిలిండర్ల ఇంజిన్‌ను వెనుక ఇరుసుకు అవతల పెట్టే పద్ధతీ, దూరం నుంచే గుర్తుపట్టగల ఆ వాలు కప్పూ మారలేదు. కాబట్టి 1964 నాటి 911ను, 2019లో వచ్చిన 911 కరేరాను పక్కపక్కన పెడితే యాభై అయిదేళ్ల ఇంజనీరింగ్ ఏం చేసిందో తేటగా కనిపిస్తుంది.

అంకెలు చెప్పేది ఎంత?

1964 కారు ఇంజిన్ రెండు లీటర్లది. గాలితో చల్లబడేది. దాని సామర్థ్యం 130 హార్స్‌పవర్. కారు బరువు సుమారు 1,080 కిలోలు. గరిష్ఠ వేగం గంటకు 210 కిలోమీటర్లు. నిలిచిన చోటు నుంచి 100 కి.మీ. వేగం అందుకోవడానికి సుమారు 9 సెకన్లు పట్టేది.

2019 కరేరా ఇంజిన్ మూడు లీటర్లది. నీటితో చల్లబడేది. రెండు టర్బోచార్జర్ల సాయంతో 385 హార్స్‌పవర్ ఇస్తుంది. బరువు 1,505 కిలోలు. గరిష్ఠ వేగం 293 కి.మీ. 100 కి.మీ. వేగానికి 4.2 సెకన్లు చాలు.

ఇక్కడ మొదట గమనించాల్సింది, సామర్థ్యం దాదాపు మూడు రెట్లయినా గరిష్ఠ వేగం మూడు రెట్లు కాలేదు. ఒకటిన్నర రెట్లు కూడా కాలేదు. కేవలం 1.4 రెట్లయింది. కారణం గాలి. అధిక వేగంలో కారు శక్తిలో ఎక్కువ భాగం గాలిని తోసుకుపోవడానికే ఖర్చవుతుంది. గాలి నిరోధం వేగం వర్గంతో పాటు పెరుగుతుంది. దాన్ని అధిగమించడానికి కావలసిన సామర్థ్యం వేగం ఘనంతో పెరుగుతుంది. అంటే వేగం రెట్టింపు కావాలంటే ఎనిమిది రెట్ల సామర్థ్యం కావాలి. 1.4 ఘనం లెక్కిస్తే సుమారు 2.7 వస్తుంది. అదనంగా వచ్చిన గుర్రాలన్నీ ఎక్కడికి పోయాయో ఈ ఒక్క లెక్క చెబుతుంది. కారు ఆకారం మెరుగై గాలి నిరోధ గుణకం సుమారు 0.38 నుంచి 0.29కి తగ్గిన మాట నిజమే. కానీ వెడల్పు 161 సెంటీమీటర్ల నుంచి 185కి పెరగడంతో గాలికి అడ్డుపడే ముఖం కూడా పెద్దదైంది. ఆకారం వల్ల వచ్చిన లాభంలో చాలా భాగాన్ని ఆ వెడల్పు తినేసింది.

అందువల్ల 293 అనే అంకె కారు కొనేవారికి గర్వకారణం కావచ్చు గానీ, అది రోడ్డు మీద వాడుకునే వస్తువు కాదు. వేగ పరిమితి లేని జర్మనీ ఆటోబాన్ భాగాల మీద కూడా ఆ వేగం ఎప్పుడో గానీ కుదరదు. మన దేశంలో ఎక్స్‌ప్రెస్‌వేల మీద కూడా పరిమితి 120 కి.మీ. దగ్గరే ఆగుతుంది. ఏ కారు గొప్పదో తేల్చడానికి గరిష్ఠ వేగాన్నో, 100 కి.మీ. అందుకునే సెకన్లనో కొలబద్దగా తీసుకోవడం, గిన్నె ఎంత లోతో చూసి వంట రుచి చెప్పడం లాంటిది.

"అప్పటి ఇనుము వేరు" అనే నమ్మకం

పాత కార్ల విషయంలో మన ఇళ్లలో తరచూ వినిపించే మాట ఒకటుంది: "అప్పటి రేకు గట్టిది. గుద్దితే అవతలి గోడ పడాలే గానీ బండికి సొట్ట పడేది కాదు." ఈ మాటలో గమనిక సరైనదే, నిర్ణయమే తప్పు. కారు నలగకపోతే ఆ దెబ్బ ఎక్కడికి పోతుంది? లోపల కూర్చున్న మనిషికే చేరుతుంది.

100 కి.మీ. వేగంలో గోడను ఢీకొనడం దాదాపు 39 మీటర్ల ఎత్తు నుంచి, అంటే పదమూడు అంతస్తుల మేడ మీద నుంచి పడటంతో సమానం. ఆ శక్తిని ఎక్కడో ఒకచోట ఖర్చు చేయాలి. కారు ముందు భాగం క్రమంగా నలిగితే మనిషి శరీరం ఆగడానికి కొన్ని మిల్లీసెకన్లు అదనంగా దొరుకుతాయి. ఆ కాస్త సమయమే ప్రాణాన్ని నిలబెడుతుంది. ముందూ వెనుకా నలిగే భాగాలు, మధ్యలో నలగని గది అనే ఆలోచనను బేలా బారెన్యీ అనే ఇంజనీరు 1950ల తొలినాళ్లలోనే మెర్సిడెస్ కోసం రూపొందించాడు. భుజం మీదుగా, నడుము మీదుగా సాగే మూడు బిందువుల సీటు బెల్టును వోల్వో ఇంజనీరు నీల్స్ బోలిన్ 1959లో అందించాడు. తెలివి పుట్టిన నాటికి, అది ప్రతి కారులోకి చేరిన నాటికి మధ్య చాలా ఏళ్లు గడిచాయి. 1964 నాటి స్పోర్ట్స్ కారు ఆ మధ్యకాలపు వస్తువు.

తేడా ఎంతో కళ్లకు కట్టిన పరీక్ష 2009లో అమెరికాలో జరిగింది. హైవే భద్రతపై పనిచేసే బీమా సంస్థల పరిశోధన కేంద్రం 1959 నాటి షెవర్లే బెల్ ఎయిర్‌ను, 2009 నాటి షెవర్లే మాలిబూను గంటకు 64 కి.మీ. వేగంతో ఎదురెదురుగా గుద్దించింది. అవి స్పోర్ట్స్ కార్లు కావు, కుటుంబాలు వాడుకునే సెడాన్లు. అయినా పాఠం అన్ని కార్లకూ వర్తిస్తుంది. బండిలా కనిపించే పాత కారులో డ్రైవరు కూర్చునే గది కూలిపోయింది. ఆ స్థానంలో నిజంగా మనిషి ఉంటే బతికేవాడు కాదు. కొత్త కారులోని బొమ్మకు కాలికి చిన్న గాయమయ్యేంత దెబ్బ మాత్రమే తగిలింది.

పొగ సంగతీ ఇంతే. పాత కారులో గాలి, పెట్రోలు పాళ్లను కార్బ్యురేటర్ యాంత్రికంగా కలుపుతుంది. చలికాలం ఉదయమైనా, మండుటెండ అయినా దానికి తెలిసిన లెక్క ఒక్కటే. కాలకుండా మిగిలిన పెట్రోలు ఆవిరి, కార్బన్ మోనాక్సైడ్ నేరుగా వీధిలోకి వచ్చేవి. పైగా ఆ కాలపు పెట్రోలులో సీసం కలిపేవారు. పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీసే ఆ సీసాన్ని మన దేశం 2000లో పూర్తిగా తొలగించింది. నేటి ఇంజిన్‌లో పొగ గొట్టం దగ్గర ఉండే ఆక్సిజన్ సెన్సర్ మిశ్రమాన్ని క్షణక్షణం సరిచూస్తుంది, ఉత్ప్రేరక కన్వర్టర్ మిగిలిన విషాలను శుద్ధి చేస్తుంది. 1960ల నాటి కార్లతో పోలిస్తే నేటి కొత్త కార్లు చాలా రకాల కాలుష్య కారకాలను 98 నుంచి 99 శాతం తక్కువగా వదులుతున్నాయని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ చెబుతుంది. గాలితో చల్లబడే ఇంజిన్‌ను పోర్షే 1990ల చివర వదులుకోవడానికి కారణాల్లో ఇదీ ఒకటి. సిలిండరుకు నాలుగు వాల్వులు పెట్టి ఇంధనాన్ని శుభ్రంగా మండించాలంటే, ఆ వేడిని తీసుకుపోవడానికి గాలి చాలదు. నీరు కావాలి.

కాబట్టి కారు లోపల కూర్చున్నవారి ప్రాణం, వీధిలో పీల్చే గాలి అనే రెండు విషయాల్లో వాదనకు చోటు లేదు. కొత్త కారుదే పైచేయి. పాత కార్లంటే ఇష్టపడేవారు ఈ సంగతిని మనస్ఫూర్తిగా ఒప్పుకున్న తర్వాతే మిగతా సంభాషణ మొదలుపెట్టాలి.

స్టీరింగ్ చెప్పే సంగతి

పాత కారు నడిపినవారు "రోడ్డు చేతికి తెలుస్తుంది" అంటారు. ఇది కేవలం గతం మీద మమకారమని కొట్టిపారేయడానికి లేదు. దాని వెనుక భౌతికశాస్త్రం ఉంది.

మలుపులో స్టీరింగ్ తిప్పినప్పుడు టైరు రోడ్డును తాకే అరచేయంత చోట రబ్బరు కాస్త మెలితిరుగుతుంది. కారును మలుపులోకి లాగే పక్కబలం ఆ చోటు సరిగ్గా మధ్యలో పనిచేయదు, కొంచెం వెనుకగా పనిచేస్తుంది. దానివల్ల చక్రం మళ్లీ తిన్నగా అవ్వాలని చూస్తుంది. స్టీరింగ్ పట్టుకున్న చేతికి తెలిసే బరువు అదే. మలుపు వేగం పెంచుతూ పోతే, టైరు తాకే చోటులో వెనుక భాగం ముందుగా జారడం మొదలుపెడుతుంది. అప్పుడు పక్కబలం పనిచేసే బిందువు ముందుకు జరుగుతుంది. స్టీరింగ్ తేలికవుతుంది. విశేషమేమిటంటే, ఈ తేలికదనం టైరు పూర్తిగా పట్టు కోల్పోక ముందే తెలుస్తుంది. ప్రమాదానికి ముందు వచ్చే కబురు అది. ఏ సెన్సరూ, ఏ తెరా లేకుండా ఆ కబురు నేరుగా వేళ్లకు చేరుతుంది.

1964 కారులో స్టీరింగ్‌కు పవర్ సాయం లేదు. టైర్ల వెడల్పు 165 మిల్లీమీటర్లు మాత్రమే. పట్టు తక్కువ. కానీ ఆ పట్టు క్రమంగా సడలుతుంది, సడలుతున్న సంగతి ముందే చెబుతుంది. నేటి కారు వెనుక టైర్ల వెడల్పు 295 మిల్లీమీటర్లు. స్టీరింగ్‌కు ఎలక్ట్రిక్ మోటారు తోడుగా ఉంటుంది. 911లోకి ఆ మోటారు 2011లో వచ్చింది. దానివల్ల ఇంధనం ఆదా అవుతుంది, గీత దాటకుండా కాపాడే సహాయ వ్యవస్థలు పనిచేయగలుగుతాయి. కానీ రోడ్డు నుంచి వచ్చే చిన్న చిన్న కబుర్లను అది దారిలోనే వడగడుతుంది.

అయితే పాత కారు మర్యాదస్తురాలని అనుకుంటే పొరపాటు. ఇంజిన్ వెనుక ఇరుసుకు అవతల ఉండటంతో బరువులో సుమారు అరవై శాతం వెనుక చక్రాల మీదే పడేది. మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే, బరువు ముందుకు జరిగి వెనుక చక్రాలు పట్టు వదిలేవి. గడియారం లోలకంలా వెనుక భాగం తిరిగిపోయేది. తొలి రోజుల్లో దీన్ని కొంతైనా అదుపులో పెట్టడానికి ముందు బంపరు మూలల్లో ఒక్కోవైపు 11 కిలోల బరువులు దాచిపెట్టారు. తర్వాత 1969 మోడల్ కోసం ముందు, వెనుక చక్రాల మధ్య దూరాన్ని 57 మిల్లీమీటర్లు పెంచారు. ఆపైన టైర్లు వెడల్పయ్యాయి, 1990లలో వెనుక సస్పెన్షన్ పూర్తిగా మారింది, ఆ తర్వాత ఎలక్ట్రానిక్ స్థిరత్వ నియంత్రణ వచ్చింది. కాగితం మీద తప్పుగా కనిపించే ఒక అమరికను దశాబ్దాల పాటు దిద్దుకుంటూ వచ్చిన కథ ఇది. పాత కారు కబురు చెప్పేది నిజమే. ఆ కబురు అర్థం కానివారికి మాత్రం రెండో అవకాశం ఇచ్చేది కాదు.

హద్దు తొలగలేదు, దూరం జరిగింది

కొత్త కారు ఈ ప్రమాదాన్ని దాదాపు మాయం చేసింది. 1978లో బాష్ సంస్థ మెర్సిడెస్ కార్లలోకి తెచ్చిన ఏబీఎస్, 1995లో వచ్చిన స్థిరత్వ నియంత్రణ ఇందులో ముఖ్యమైనవి. కారు అదుపు తప్పబోతుందని తెలియగానే స్థిరత్వ నియంత్రణ ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసి దారికి తెస్తుంది. ఏ మనిషీ నాలుగు చక్రాలకు నాలుగు బ్రేకు పెడళ్లను విడివిడిగా నొక్కలేడు. ఈ సాంకేతికత ప్రాణాలు కాపాడుతుందని తేలాకే అమెరికా, యూరప్ దాన్ని అన్ని కొత్త కార్లకూ తప్పనిసరి చేశాయి.

కానీ భౌతికశాస్త్రపు హద్దును ఏ కంప్యూటరూ చెరపలేదు. దూరం జరిపిందంతే. వంద మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపు ఒకటి ఊహించుకుంటే సంగతి తెలుస్తుంది. పాత టైర్ల పట్టును 0.75 అనుకుంటే ఆ మలుపులో కారు గంటకు సుమారు 98 కి.మీ. వద్ద జారడం మొదలుపెడుతుంది. కొత్త టైర్ల పట్టును 1 అనుకుంటే ఆ వేగం 113 కి.మీ. అవుతుంది. పైకి పదిహేను కిలోమీటర్ల తేడాయే. కానీ గతిజ శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది, బరువుతోనూ పెరుగుతుంది. రెండూ కలిపి లెక్కిస్తే, హద్దు దాటిన క్షణాన కొత్త కారులో ఉండే శక్తి పాత కారులో ఉండేదానికి దాదాపు 1.9 రెట్లు. పడిపోయే అవకాశం తగ్గింది, పడితే తగిలే దెబ్బ పెరిగింది.

ఈ లెక్కలో మారనిది మనిషి ఒక్కడే. ఎదుట అడ్డు కనిపించి బ్రేకు మీద కాలు వేయడానికి ఒక సెకను పడుతుందనుకుంటే, 100 కి.మీ. వేగంలో ఆ లోపు కారు 28 మీటర్లు ముందుకు పోతుంది. 1964లోనూ 28 మీటర్లే, 2019లోనూ 28 మీటర్లే. కొత్త బ్రేకులు, కొత్త టైర్లు ఆ తర్వాతి దూరాన్ని తగ్గించగలవు. ఆ మొదటి సెకను మాత్రం మెదడుది.

ఇక ఆ మెదడుకు వేగం తెలియాలి కదా. పాత కారులో 80 కి.మీ. దాటితే గాలి హోరు, ఇంజిన్ గోల, సీటు కింద అదురు అన్నీ కలిసి వేగాన్ని గుర్తుచేస్తాయి. కొత్త కారులో 140 వద్ద కూడా పాట స్పష్టంగా వినిపిస్తుంది. లోపలి శబ్దం తగ్గిస్తే చోదకులు తమ వేగాన్ని తక్కువగా అంచనా వేస్తారని ప్రయోగాలు చూపాయి. 1980లలో జర్మనీలోని మ్యూనిక్ నగరంలో టాక్సీల మీద జరిగిన అధ్యయనం ఇంకో సంగతి బయటపెట్టింది. ఏబీఎస్ ఉన్న టాక్సీలకు, లేని టాక్సీలకు ప్రమాదాల రేటులో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మంచి బ్రేకులున్నాయన్న ధీమాతో డ్రైవర్లు మరింత దూకుడుగా నడపడమే కారణమని పరిశోధకులు భావించారు. దీన్నిబట్టి భద్రతా పరికరాలు దండగ అనుకోకూడదు. స్థిరత్వ నియంత్రణ విషయంలో ఫలితం స్పష్టంగా మంచి వైపే ఉంది. నేర్చుకోవాల్సింది ఏమిటంటే, యంత్రం హద్దును దూరం జరిపినప్పుడు మనిషి ఆ కొత్త హద్దు వైపు నడుస్తాడు. హద్దు ఎక్కడుందో అతనికి చెప్పే మార్గాన్ని కూడా మూసేస్తే ఆ నడక కళ్లకు గంతలు కట్టుకున్న నడక అవుతుంది.

ఆ బరువంతా భద్రతదేనా?

పాత కారు కంటే కొత్త కారు 425 కిలోలు ఎక్కువ. అంటే దాదాపు నలభై శాతం. ఇది ఎందుకని అడిగితే వచ్చే మొదటి జవాబు భద్రత. ఎయిర్‌బ్యాగులు, బలమైన గది, తలుపుల్లో అడ్డకమ్మీలు అవసరమే. కానీ బరువంతా వాటిదే కాదు. 385 గుర్రాలకు పెద్ద ఇంజిన్, దాన్ని చల్లబరచడానికి రేడియేటర్లు, ఆ బలాన్ని తట్టుకునే గేర్‌బాక్స్, దాన్ని ఆపడానికి పెద్ద బ్రేకులు, వాటిని కప్పే పెద్ద చక్రాలు, శబ్దాన్ని ఆపే పొరలు, మోటార్లున్న సీట్లు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. బరువు బరువును పిలుస్తుంది.

వేరే దారి లేదా అంటే, ఉందని జపాన్ చూపించింది. 1989లో మాజ్దా సంస్థ తెచ్చిన ఎంఎక్స్-5 అనే చిన్న రెండు సీట్ల స్పోర్ట్స్ కారు బరువు 940 కిలోల దగ్గర ఉండేది. అదే కారు నాలుగో తరం 2015లో వచ్చింది. అందులో ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్, స్థిరత్వ నియంత్రణ అన్నీ ఉన్నాయి. యూరప్ భద్రతా పరీక్షలో అయిదుకు నాలుగు నక్షత్రాలు వచ్చాయి. అయినా జపాన్ మార్కెట్లో దాని ప్రాథమిక రకం బరువు 990 కిలోలు. పాతికేళ్లకు పైగా గడిచినా పెరిగింది 50 కిలోలే. బలమైన ఉక్కు, కొన్నిచోట్ల అల్యూమినియం, చిన్న ఇంజిన్, సన్నని టైర్లు, ప్రతి భాగంలోనూ గ్రాముల లెక్క చూసుకున్న క్రమశిక్షణ దీనికి కారణం. అది 911తో పందెంలో గెలవదు. కానీ భద్రత కావాలంటే బరువు తప్పదనే వాదనకు ఆ ఒక్క కారు చాలినంత జవాబు.

అంటే పోయింది పోయే తీరాలని పోలేదు. సెకన్ల పందెంలో గెలవడానికి ఎంచుకున్న దారిలో తేలికదనం, చేతికి తెలిసే కబురు వదిలేసిన సామాన్లయ్యాయి.

కోట్ల కార్ల గొడవ మనకెందుకు?

కోటి రూపాయలు దాటే కార్ల తేలికదనం గురించి భారతదేశంలో చర్చ ఎందుకని ఎవరైనా అడగవచ్చు. ప్రశ్న సహేతుకమే. జవాబు కూడా ఉంది. ఖరీదైన కార్లలో పుట్టిన సాంకేతికత మెల్లగా మామూలు కార్లకు దిగుతుంది. ఏబీఎస్ అలాగే దిగింది, మన దేశంలో 2019 నుంచి కొత్త కార్లన్నింటికీ తప్పనిసరి అయింది. సాంకేతికతతో పాటు కొలబద్దలు కూడా దిగుతాయి. 100 కి.మీ. అందుకోవడానికి ఎన్ని సెకన్లు అనే స్పోర్ట్స్ కారు అంకె ఈ రోజు కుటుంబాల కోసం అమ్మే ఎస్‌యూవీల ప్రకటనల్లో, ఎలక్ట్రిక్ కార్ల ప్రకటనల్లో కనిపిస్తోంది. బ్యాటరీ బరువుతో రెండు టన్నులు దాటే కారు, మొదటి క్షణం నుంచే పూర్తి బలం ఇచ్చే మోటారు, లోపల నిశ్శబ్దం. 1964 స్పోర్ట్స్ కారుకు కలలో కూడా అందని వేగోత్కర్షం ఇప్పుడు ఏ ప్రత్యేక శిక్షణా లేని చేతుల్లోకి వస్తోంది.

ఆ కార్లు తిరిగేది మన రోడ్ల మీదే. కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. ఈ మరణాల్లో 70 శాతానికి పైగా అతివేగం కింద నమోదయ్యాయి. మృతుల్లో ప్రతి పదిమందిలో ఆరుగురికి పైగా ద్విచక్ర వాహనాల మీద వెళ్లేవారు, పాదచారులే. కారుకు నలిగే ముందు భాగం ఉంది, ఎయిర్‌బ్యాగు ఉంది. సైకిలు మీద బడికి వెళ్లే పిల్లకు ఆ రెండూ లేవు. 100 కి.మీ. వేగంలో 1,080 కిలోల కారు మోసుకెళ్లే శక్తి 417 కిలోజౌళ్లు, 1,505 కిలోల కారుది 581 కిలోజౌళ్లు. మనిషిని ఢీకొట్టినప్పుడు దెబ్బను ముందుగా నిర్ణయించేది వేగం, కారు ముందు భాగం ఆకారం. కానీ బైకునో, ఆటోనో, చిన్న కారునో ఢీకొన్నప్పుడు బరువులోని తేడా నేరుగా అవతలివారి మీదే పడుతుంది. లోపలివారి భద్రతకు మాత్రమే నక్షత్రాలిచ్చి, బయటివారి లెక్కను వదిలేస్తే ఆ ప్రగతి సగమే.

అందుకే కార్లను పోల్చే పద్ధతి మారాలి. 100 కి.మీ. అందుకునే సెకన్లు వేసిన ప్రతిచోటా, అంతే పెద్ద అక్షరాలతో 100 కి.మీ. నుంచి ఆగడానికి పట్టే దూరం, కారు బరువు కూడా వేయాలి. మన దేశంలో 2023 అక్టోబరులో మొదలైన భారత్ ఎన్‌క్యాప్ లాంటి పరీక్షా వ్యవస్థలు రాబోయే కాలంలో తేలికదనానికి, ఎదుటి వాహనంపై పడే ప్రభావానికి కూడా మార్కులు ఇవ్వడం గురించి ఆలోచించాలి. కార్ల సమీక్షలు రాసేవారు, వీడియోలు చేసేవారు ఏ కారు ఎంత వేగంగా పోతుందో చెప్పడంతో ఆగకుండా, ఎంత వేగంతో పోతున్నదీ లోపలివారికి ఎంత స్పష్టంగా తెలుస్తోందో కూడా చెప్పాలి. ఇవేవీ కొత్త ఆవిష్కరణలు కావు. ఉన్న కొలతలను సరైన చోట పెట్టడమే.

పాత కార్ల విషయంలో 2021లో వచ్చిన కేంద్ర నిబంధనలు సరైన దారి చూపాయి. యాభై ఏళ్లు దాటిన వాహనాన్ని వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. ప్రదర్శనలకు, ర్యాలీలకు తీసుకెళ్లవచ్చు. రోజువారీ ప్రయాణానికి మాత్రం వాడకూడదు. ఇది ఆ యంత్రాల పట్ల అగౌరవం కాదు. వాటి పొగ, వాటి బ్రేకులు నేటి రద్దీకి తగినవి కావని ఒప్పుకోవడం. అదే సమయంలో అవి నడిచే స్థితిలో ఉండటమూ అవసరమే. గాజు పెట్టెలో నిలిపిన కారు తన ఆకారాన్ని మాత్రమే చూపగలదు. నడిచే కారు తేలికదనం అంటే ఏమిటో, టైరు హద్దుకు చేరుతున్న సంగతి చేతికి ఎలా తెలుస్తుందో ఒక యువ ఇంజనీరుకు అయిదు నిమిషాల్లో నేర్పగలదు.

ఆ ఇంజనీరు పాత కారును తిరిగి తయారుచేయనక్కర్లేదు. దానిలోని సీసం పొగ, కూలిపోయే గది, లోలకంలా తిరిగే తోక ఏవీ మళ్లీ రానక్కర్లేదు. టన్నుకు మించని బరువు, నడిపేవారితో కబురు చెప్పే స్టీరింగ్, వీధిలో నడిచేవారికి కూడా లెక్కలో చోటు, ఈ మూడూ నేటి భద్రతతో కలిసి ఉండవచ్చని నిరూపించే కారును తయారుచేస్తే చాలు. 4.2 సెకన్లను 3.2 సెకన్లకు తగ్గించడం కంటే అది కష్టమైన పని, మనకు ఎక్కువ పనికొచ్చే పని.